స్టాక్ బోటు ఇంజన్‌కు సూపర్‌చార్జర్ బిగించడం: మెర్‌క్రూజర్ 350 మాగ్ మీద 5 పీఎస్ఐ

షెవర్లే 5.7 లీటర్ల వీ8 కారులోనూ ఉంటుంది, బోటులోనూ ఉంటుంది. బ్లాకు ఒకటే, పడే కష్టం మాత్రం వేరు. హైవే మీద కారు సాఫీగా పోతున్నప్పుడు ఇంజన్ తన బలంలో కొద్ది భాగమే వాడుతుంది. వాలు వస్తే ఆ కాస్త కూడా అక్కర్లేదు. నీటి మీద వాలు ఉండదు. బోటు లేచి పరుగందుకున్న దగ్గర్నుంచి యాక్సిలరేటర్ వదిలేదాకా ఇంజన్‌కు అది ఎత్తు ఎక్కుతున్నట్టే. సూపర్‌చార్జర్ (దీన్నే బ్లోయర్ అని కూడా అంటారు) ఇంజన్ బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి అదనంగా గాలి నెడుతుంది; ఆ అదనపు ఒత్తిడే బూస్ట్, దాన్ని పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లు) కొలుస్తారు. కారులో పది సెకన్లు ఓర్చుకునే బూస్ట్‌ను బోటు పది నిమిషాలు మోయాలి. అందుకే కారు సూపర్‌చార్జర్ల లెక్కలు ఇక్కడ పనికిరావు.

ఈ మార్గదర్శికి తీసుకున్న ఇంజన్ మెర్‌క్రూజర్ 350 మాగ్ ఎంపీఐ: 300 హెచ్‌పీ, కంప్రెషన్ 9.4:1, జీఎం వోర్టెక్ హెడ్లు, పోర్ట్ ఫ్యూయెల్ ఇంజెక్షన్ (పేరులోని ఎంపీఐ ఇదే). అమెరికా సరస్సుల్లో 20–24 అడుగుల బోట్లలో తరచు కనిపించే వాటిలో ఇదొకటి. లక్ష్యం: లోపల పిస్టన్లు, రింగులు ముట్టకుండా 5 పీఎస్ఐ బూస్ట్. కార్బురేటర్ ఇంజన్ మీద ఈ పని మొదలుపెట్టవద్దు. కార్బురేటర్‌కు ఒత్తిడి గాలి పంపితే దాని ప్రతి సీలూ పెట్రోలు కారే దారి అవుతుంది, అదీ మూసిన ఇంజన్ గదిలో. గోదావరి లాంచీల డీజిల్ ఇంజన్లకు ఇందులో ఏదీ వర్తించదు, వాటి దారి టర్బో.

ముందు కాగితం మీద లెక్క

వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ. దానికి 5 కలిపి 14.7తో భాగిస్తే పీడన నిష్పత్తి 1.34. అంటే హెచ్‌పీ 34 శాతం పెరుగుతుందని కాదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది, బ్లోయర్‌ను తిప్పడానికి కొంత బలం పోతుంది, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తీయాల్సి వస్తుంది. ఇవన్నీ పోగా చేతికి వచ్చేది 360–375 హెచ్‌పీ. అంతకు మించి ఎవరైనా చెబితే ఇంటర్‌కూలర్‌లోకి (నొక్కిన గాలిని నీటితో చల్లార్చే భాగం) ఎంత చల్లటి నీళ్ళు పోశారో అడగండి.

వేడి సంగతి. ఇంజన్ గదిలో గాలి 35 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. 70 శాతం సామర్థ్యం ఉన్న సెంట్రిఫ్యూగల్ (రెక్కల చక్రం వేగంగా తిరిగి గాలిని నెట్టే) బ్లోయర్ 5 పీఎస్ఐ వద్ద దాన్ని సుమారు 73 డిగ్రీలకు తీసుకెళ్తుంది. పాత రూట్స్ రకం (జంట రోటర్లతో గాలిని తోసేది) సామర్థ్యం 55 శాతం దగ్గర ఉంటే అది 83 అవుతుంది. 28 డిగ్రీల సరస్సు నీటితో నడిచే ఇంటర్‌కూలర్ 73ను 44 దాకా దించగలదు. 9.4:1 కంప్రెషన్‌తో నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) లేకుండా నడవడానికి ఆ 30 డిగ్రీలే ఆధారం. కనుక ఈ ఇంజన్‌కు ఇంటర్‌కూలర్ లేని కిట్ చౌకగా దొరికినా వద్దు.

ఏ రకం బ్లోయర్

వేక్‌బోర్డింగ్ (బోటు వెనక తాడు పట్టుకుని పలక మీద సాగే ఆట) వాళ్ళకూ బరువు లాగే వాళ్ళకూ తక్కువ ఆర్‌పీఎం నుంచే బలం కావాలి. వాళ్ళకు ట్విన్‌స్క్రూ (జంట మరల రకం) బాగుంటుంది, విపిల్ కంపెనీవి పేరున్నవి. అయితే అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ స్థానంలో కూర్చుంటుంది, ఇంజన్ మూత ఎత్తు పెంచాల్సి రావచ్చు, పైగా మామూలు వేగంలోనూ బూస్ట్ ఉంటుంది.

స్టాక్ ఇంజన్‌కు సరిపోయేది సెంట్రిఫ్యూగల్; ప్రోచార్జర్, వోర్టెక్ (పైన చెప్పిన హెడ్ల పేరుతో సంబంధం లేని కంపెనీ) లాంటివి. దీని బూస్ట్ సుమారుగా ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 5000 ఆర్‌పీఎం వద్ద 5 పీఎస్ఐ ఇచ్చే పుల్లీ 3200 వద్ద 2, 2500 వద్ద 1.25 మాత్రమే ఇస్తుంది. రోజులో ఎక్కువసేపు బోటు నడిచేది ఆ 3000–3400 మధ్యే. అక్కడ ఇంజన్ దాదాపు స్టాక్‌లాగే ఊపిరి పీల్చుకుంటుంది. పిస్టన్ మార్చకుండా ఈ పని చేయగలగడానికి కారణం ఇదే.

పాత ఇన్‌బోర్డ్ జంట ఇంజన్ల బోట్లలో ఒకటి ఎదురు దిశలో తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్‌కు ఒకే దిశ ఉంటుంది. ఆర్డర్ పెట్టేముందు క్రాంక్ ఎటు తిరుగుతోందో కళ్ళతో చూడండి.

ఇంజన్ ఒప్పుకుంటుందా?

కిట్‌కు డబ్బు కట్టకముందే చేయాల్సిన పరీక్షలు ఇవి:

ఇంజన్ వేడిగా ఉండగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. ఎనిమిది సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. తర్వాత లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి పంపి చూసే పరీక్ష), ఎక్కడ గాలి పోతోందో అది చెబుతుంది. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, రైజర్‌లో (ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీది వంపు గొట్టం) అయితే ఎగ్జాస్ట్ వాల్వు, నీటి వైపు బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. ఒక సిలిండర్ నీరసంగా ఉంటే బూస్ట్ దాన్ని బాగు చేయదు, పగలగొడుతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు, రైజర్లు విప్పి లోపల చూడండి. ఇవి నీటి జాకెట్ ఉన్న పోత ఇనుము. ఫ్లోరిడా లాంటి ఉప్పు నీటి చోట్ల అయిదారేళ్ళకే లోపలి గోడ తినేసి ఉంటుంది. అక్కడ కారిన నీరు సిలిండర్‌లోకి వస్తుంది. వయసు తెలియకపోతే కొత్తవే వేయండి.

డ్రైవ్ (బోటు వెనక ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్ల భాగం, స్టెర్న్‌డ్రైవ్) ఏది? ఆల్ఫా వన్ 300 హెచ్‌పీ తరగతిది. 350 మాగ్ దానితో కూడా వచ్చింది, అంటే స్టాక్‌లోనే అంచున ఉంది. దాని మీద 370 పెడితే పై గేర్లు పోతాయి, సాధారణంగా అల మీద నుంచి బోటు ఎగిరి ప్రొపెల్లర్ మళ్ళీ నీటిని కరుచుకున్నప్పుడు. అంతకన్నా గట్టిదైన బ్రావో వన్ ఉంటేనే ముందుకు వెళ్ళండి. ఆల్ఫా ఉన్నవాళ్ళు బ్రావోకు మారే ఖర్చు, బ్లోయర్ కిట్ ఖర్చు కలిపి చూసుకుంటే వాడిన బిగ్‌బ్లాక్ (ఇంకా పెద్ద వీ8 ఇంజన్) బోటు కొనడమే లాభం అనిపించవచ్చు. చాలామంది విషయంలో అది నిజం కూడా.

చోటు కొలవండి. బ్లోయర్, బ్రాకెట్ ఇంజన్ ముందుకు పొడుచుకు వస్తాయి. కిట్ డ్రాయింగ్ ప్రకారం అట్టముక్క కోసి ఇంజన్ ముందు పెట్టి, మూత మూసి చూస్తే అర్ధగంటలో తేలిపోతుంది.

చట్టం వైపు ఒక మాట. అమెరికాలో ఈపీఏ (పర్యావరణ సంస్థ) సర్టిఫై చేసిన ఇంజన్ ఎమిషన్ అమరికను చెడగొట్టడం చట్టవిరుద్ధం. 2010 నుంచి వచ్చిన స్టెర్న్‌డ్రైవ్ పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి కేటలిస్ట్ (పొగను శుద్ధి చేసే భాగం) ఉంటుంది. వాటి జోలికి పోవద్దు. కాలిఫోర్నియాలో అయితే ఏ ఏడాది ఇంజన్‌కైనా, ఆ కిట్‌కు రాష్ట్ర ఎయిర్ బోర్డు అనుమతి ఉందో లేదో ముందే అడగండి. బీమా కంపెనీకి చెప్పకుండా బిగిస్తే, ప్రమాదం జరిగిన రోజున వాళ్ళకు దొరికే మొదటి సాకు అదే.

ఇంధనం: డబ్బు పెట్టాల్సిన చోటు

బ్లోయర్ బిగించిన ఇంజన్లు పోయేది ఎక్కువగా పెట్రోలు చాలకే. లెక్క 400 హెచ్‌పీకి వేయండి, కాస్త వెసులుబాటు ఉంటుంది. బూస్ట్ ఇంజన్ గంటకు ఒక్కో హెచ్‌పీకి 0.60 పౌండ్ల పెట్రోలు తాగుతుంది. 400 × 0.60 = 240 పౌండ్లు. ఎనిమిది ఇంజెక్టర్లు, ఒక్కోటి 85 శాతం సమయానికి మించి తెరిచి ఉండకూడదు: 240 ÷ 8 ÷ 0.85 = 35.3. కనుక గంటకు 36 నుంచి 42 పౌండ్ల ఇంజెక్టర్లు కావాలి. 300 హెచ్‌పీకి సరిపడేలా పెట్టిన స్టాక్ ఇంజెక్టర్లు ఇక్కడికి రావు.

240 పౌండ్లంటే గంటకు సుమారు 147 లీటర్లు. పంపు ఉత్త గొట్టంలోకి ఎంత పోస్తుందన్నది కాదు, 50 పీఎస్ఐ ఒత్తిడి వద్ద ఎంత ఇస్తుందన్నదే లెక్క. అక్కడ 190 లీటర్లు ఇచ్చేది తీసుకోండి. ప్రెషర్ రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ నుంచి గొట్టం ఉండాలి; 43 పీఎస్ఐ ఉన్నది 5 బూస్ట్ వద్ద 48 కావాలి. పెరగకపోతే ఇంజెక్టర్ పనిచేసే ఒత్తిడి తగ్గి, సరిగ్గా అవసరమైన చోటే పెట్రోలు తగ్గుతుంది.

ఇక చాలామంది మరిచిపోయేది ట్యాంకు నోటి దగ్గరి యాంటీ సైఫన్ వాల్వు. గొట్టం తెగితే ట్యాంకంతా బోటు అడుగున కారకుండా ఆపే చిన్న స్ప్రింగ్ వాల్వు అది. పాతబడితే ఇరుక్కుంటుంది, కొత్తదైనా చిన్న సైజుదైతే ప్రవాహాన్ని నొక్కేస్తుంది. దాన్ని పీకి పారేయవద్దు; పెద్ద సైజు వాల్వు, 1/2 అంగుళం పికప్ గొట్టం వేయండి. తర్వాత పంపు ముందు వాక్యూమ్ గేజ్ పెట్టి, పూర్తి థ్రాటిల్‌లో చూడండి. పాదరసం 2 అంగుళాలు దాటితే ట్యాంకు వైపు ఎక్కడో అడ్డు ఉంది. నీటిని వేరుచేసే 10 మైక్రాన్ ఫిల్టర్ కొత్తది వేయండి.

గొట్టాల మీద యూఎస్‌సీజీ (అమెరికా కోస్ట్ గార్డ్) ఏ1 లేదా ఏ1-15 అన్న ముద్ర ఉండాలి. కారు హోస్, కారు పంపు, కారు రిలే, ఏదీ వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, పడవ అడుగుకు దిగి అక్కడే ఉండిపోతుంది. బోటు కోసం చేసిన విద్యుత్ భాగాల్లో నిప్పురవ్వ బయటికి రాకుండా సీలు ఉంటుంది. పైకి ఒకేలా కనిపించే కారు భాగంలో ఉండదు.

బిగింపు

1. బ్యాటరీ తీగలు విప్పండి. బ్లాకు, మానిఫోల్డ్‌లలోని నీరు దించండి. బెల్టు, ముందున్న బ్రాకెట్లు తీసేముందు బెల్టు దారి ఫొటో తీసుకోండి.

2. క్రాంక్ పుల్లీకి కిట్ పుల్లీ కూర్చునే ముఖాన్ని తుప్పు, రంగు లేకుండా గీకి శుభ్రం చేయండి. అక్కడ కాగితం మందం రంగు మిగిలినా పుల్లీ ఊగుతుంది. బోల్టులకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ వేసి, కిట్ కాగితంలోని టార్క్‌కు, ఎదురెదురు బోల్టుల క్రమంలో బిగించండి.

3. బ్రాకెట్‌ను ముందు వేళ్ళతో ఎక్కించి, అన్ని బోల్టులూ పట్టిన తర్వాతే టార్క్ చేయండి. అల్యూమినియం బ్రాకెట్‌లోకి స్టెయిన్‌లెస్ బోల్టు పోయే ప్రతిచోటా తుప్పు నిరోధక పేస్ట్ రాయండి, లేకపోతే రెండేళ్ళకు అవి విడదీయలేనంతగా కరుచుకుపోతాయి.

4. బ్లోయర్ ఎక్కించి, పుల్లీల వరుస ఇనుప స్కేలు పెట్టి చూడండి. తేడా 1.5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువైతే బెల్టు అంచు చీలికలవుతుంది, తర్వాత ఎగిరిపోతుంది.

5. బ్లోయర్ ఇంపెల్లర్ (లోపలి రెక్కల చక్రం) వేగం లెక్క సరిచూడండి: ఇంజన్ ఆర్‌పీఎం × క్రాంక్ పుల్లీ వ్యాసం ÷ బ్లోయర్ పుల్లీ వ్యాసం × లోపలి గేరు నిష్పత్తి. ఉదాహరణకు 5000 × 7 ÷ 4 × 4.10 = 35,875. ఇది తయారీదారు ఇచ్చిన హద్దులో ఉండాలి. తర్వాతెప్పుడో 'ఇంకొంచెం' అని చిన్న పుల్లీ వేసేటప్పుడు కూడా మళ్ళీ ఇదే లెక్క.

6. ఇంటర్‌కూలర్‌ను అమర్చేముందు రెండు చివరలూ మూసి, గాలి 15 పీఎస్ఐ పెట్టి నీటిలో ముంచి బుడగలు చూడండి. లోపల లీకు ఉంటే సరస్సు నీరు నేరుగా సిలిండర్‌లోకి వస్తుంది. నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

7. ఇంటర్‌కూలర్‌కు నీటిని, బయటి నీటిని లాగే సీ వాటర్ పంపు దాటిన వెంటనే, ఇంజన్ వేడి తగలకముందే తీయండి. మధ్యలో జల్లెడ ఉండాలి, నీరు నేరుగా బయటికి పోవాలి. నీటిగీత కింద వచ్చే ప్రతి గొట్టానికీ రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు. బ్రావో నీటి పంపు ఇంపెల్లర్ ఈ సందర్భంలోనే కొత్తది వేయండి.

8. బ్లోయర్ నోటికి ఫ్లేమ్ అరెస్టర్ (ఇంజన్ లోపలి మంట బయటికి రాకుండా ఆపే జాలి). 1940 ఏప్రిల్ 25 తర్వాత అమర్చిన పెట్రోలు ఇన్‌బోర్డ్ ఇంజన్లన్నిటికీ అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ఇది. ఎస్‌ఏఈ జె-1928 లేదా యూఎల్ 1111 ముద్ర చూడండి. కారు స్పాంజి ఫిల్టర్ మంటను ఆపదు, అంటుకుంటుంది. సైజు పెద్దది తీసుకోండి, ఈ ఇంజన్ పూర్తి వేగంలో నిమిషానికి 540 ఘనపుటడుగుల గాలి తీసుకుంటుంది.

9. క్రాంక్‌కేస్ గాలి గొట్టాలు. ఇన్‌టేక్‌లో ఇంతకు ముందు ఎప్పుడూ వాక్యూమే ఉండేది, ఇప్పుడు ఒత్తిడి వస్తుంది. పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం) దారిలో వన్‌వే వాల్వు పెట్టకపోతే ఆ ఒత్తిడి ఆయిల్ సంపులోకి పోయి వెనక సీలు నుంచి ఆయిల్ తన్నుతుంది. బ్రీదర్ గొట్టాలు మళ్ళీ ఫ్లేమ్ అరెస్టర్ దగ్గరికే రావాలి, ఇంజన్ గదిలోకి వదలవద్దు.

10. ప్లగ్గులు. ఒక మెట్టు చల్లనివి వేయండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, కాబట్టి 6 ఉంటే 7. స్టాక్ గ్యాప్ 0.045 అంగుళాన్ని 0.030కి తగ్గించండి. దట్టమైన గాలిలో స్పార్క్ అంత దూరం దూకలేదు. తగ్గించకపోతే పూర్తి వేగంలో ఇంజన్ దగ్గుతుంది, మీరు పెట్రోలును అనుమానిస్తూ కూర్చుంటారు.

కంప్యూటర్

పాత ఎంపీఐ ఇంజన్లలో ఎంఈఎఫ్ఐ కంప్యూటర్, 2002 తర్వాతి చాలావాటిలో పీసీఎం 555 ఉంటాయి. రెండింటికీ ఒకటే లోటు: స్టాక్ మాప్ సెన్సర్ (ఇన్‌టేక్ ఒత్తిడి కొలిచేది) 1 బార్‌ది, సుమారు 105 కిలోపాస్కల్స్ దాటితే దానికి కనిపించదు. 5 పీఎస్ఐ అంటే 135. అంటే బూస్ట్ వచ్చిందన్న సంగతే ఇంజన్‌కు తెలియదు. 2 బార్ సెన్సర్, దానికి తగిన క్యాలిబ్రేషన్ రెండూ కలిపి మారాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఉన్నదానికన్నా చెడ్డది.

ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు చేతిలో ఉంచుకోండి. పూర్తి బూస్ట్‌లో గాలి–పెట్రోలు నిష్పత్తి 11.5 నుంచి 12.0. క్రూజ్‌లో 12.8–13.2, కారులోలా 14.7కి పోవద్దు, అక్కడ కూడా బోటు ఇంజన్ బరువు మోస్తూనే ఉంటుంది. పూర్తి బూస్ట్‌లో మొత్తం టైమింగ్ 22–24 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి.

గాలి–పెట్రోలు నిష్పత్తి కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను ఎగ్జాస్ట్‌లో నీరు కలవకముందు ఉన్న పొడి భాగంలోనే పెట్టాలి. ఐడిల్‌లో రైజర్ నుంచి తడి వెనక్కి వచ్చి దాన్ని చంపుతుంది. ట్యూనింగ్ అయ్యేదాకా ఉంచి, తర్వాత తీసి ప్లగ్ బిగించేయడం మేలు.

పెట్రోలు అమెరికా పంపుల లెక్కలో 91 లేదా 93 ఆక్టేనే. ఇక్కడ ఒక చిక్కుంది. ఒడ్డున మెరీనా పంపుల్లో తరచు 87, 89 మాత్రమే దొరుకుతాయి. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చే బోటు అయితే దారిలో బంకులో నింపుకోవచ్చు. ఏడాది పొడుగునా నీటిలోనే కట్టి ఉండే బోటు అయితే ఆ మెరీనాలో ఏం అమ్ముతారో కిట్ కొనకముందే అడగండి. నాకింగ్ చప్పుడు కారులో వినిపిస్తుంది, బోటు ఎగ్జాస్ట్ మోతలో వినిపించదు.

మొదటి రోజు నీటి మీద

ముందు ఒడ్డున, డ్రైవ్‌కు నీటి మఫ్‌లు (గొట్టం నీటిని డ్రైవ్‌లోకి పంపే రబ్బరు కప్పులు) తగిలించి, ఐడిల్‌లో మాత్రమే. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ గది బిల్జ్ బ్లోయర్ (సూపర్‌చార్జర్ కాదు, గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) నాలుగు నిమిషాలు నడపండి. పంపు ఆన్ చేసి ప్రతి పెట్రోలు జాయింటూ పొడి గుడ్డతో తుడిచి చూడండి, వాసన కూడా. మఫ్‌ల మీద ఇంజన్‌ను రేస్ చేయవద్దు. అక్కడ నీరూ చాలదు, ప్రొపెల్లర్‌కు బరువూ ఉండదు.

నీటిలో మొదటి ఇరవై నిమిషాలు 3500 లోపే, వేగం మారుస్తూ. ఆగి బెల్టు, నీటి లీకులు చూడండి. తర్వాత పూర్తి థ్రాటిల్ అయిదు సెకన్లు; ఆ వెంటనే ఇగ్నిషన్ ఆపేసి రెండు ప్లగ్గులు విప్పండి. పింగాణీ మీద మిరియాల పొడిలాంటి నల్లచుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం రవ్వలు గానీ ఉంటే నాకింగ్ మొదలైంది, ఆ రవ్వలు మీ పిస్టన్‌వే. టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి తీయించండి, పెట్రోలు పెంచండి. శుభ్రంగా ఉంటే పది సెకన్లు, మళ్ళీ చూడండి, తర్వాత ఇరవై. నిమిషం పాటు పూర్తి థ్రాటిల్ ఆ రోజుకు వద్దు. మొదటి పది గంటలకు బెల్టు బిగువు మళ్ళీ సరిచేయండి.

గేజ్‌లు చెప్పే మాటలు: బూస్ట్ 4500 దాకా పెరిగి ఆపైన పడిపోతే బెల్టు జారుతోంది, చుట్టూ నల్లటి రబ్బరు పొడి కనిపిస్తుంది. బూస్ట్ నిలకడగా ఉండి ఫ్యూయెల్ ప్రెషర్ పడిపోతే ట్యాంకు వైపు చూడండి, యాంటీ సైఫన్ వాల్వుతో మొదలుపెట్టి. రెండూ బాగుండి బోటు క్రమంగా నీరసిస్తే ఇన్‌టేక్ గాలి వేడి చూడండి. ఇంటర్‌కూలర్ జల్లెడలో నాచు పట్టి ఉంటుంది. ఆయిల్ 120 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే ఆయిల్ కూలర్ పెద్దది కావాలి.

ప్రొపెల్లర్ మార్చకపోతే పని సగమే

350 మాగ్‌కు చాలా మోడళ్ళలో పూర్తి థ్రాటిల్ హద్దు 4800–5200 ఆర్‌పీఎం. మీ సీరియల్ నంబరుకు ఎంతో మాన్యువల్లో చూడండి. స్టాక్‌లో 21 అంగుళాల పిచ్ (ఒక చుట్టులో ప్రొపెల్లర్ ముందుకు సాగాల్సిన దూరం), 2.00 గేరు, 5000 ఆర్‌పీఎం అనుకోండి. 5000 × 21 ÷ (2.00 × 1056) = 49.7 (1056 అన్నది నిమిషానికి అంగుళాలను గంటకు మైళ్ళలోకి మార్చే అంకె), జారుడు 12 శాతం తీసేస్తే గంటకు సుమారు 44 మైళ్ళు. ఇలాంటి బోట్లలో వేగం దాదాపు బలం వర్గమూలంతో పెరుగుతుంది: 370 హెచ్‌పీకి 49 మైళ్ళు వస్తాయి. అదే 21 పిచ్‌తో ఆ వేగం అందుకోవాలంటే ఇంజన్ 5500 తిరగాలి. రెవ్ లిమిటర్ కొడుతుంది, సెంట్రిఫ్యూగల్ కాబట్టి ఆ అదనపు ఆర్‌పీఎంలో బూస్ట్ కూడా 6 దాటుతుంది, ఇంజెక్టర్ల లెక్క చెదురుతుంది. 23 పిచ్ వేస్తే 5000 దగ్గరే 48–49 మైళ్ళు. ఒక్కో అంగుళం పిచ్‌కు 150–200 ఆర్‌పీఎం తేడా అని గుర్తుంచుకోండి.

పిచ్ మరీ పెంచినా నష్టమే. పూర్తి థ్రాటిల్‌లో ఇంజన్ 4500 కూడా దాటకపోతే తక్కువ వేగంలో ఎక్కువ బరువు మోస్తున్నట్టు. నాకింగ్‌కు అంతకన్నా అనువైన చోటు లేదు. మనుషులు, నిండు ట్యాంకు, సామాను అన్నీ ఎక్కించాకే చివరి పరీక్ష చేయండి.

లేక్ తాహో లాంటి చోట నడిపేవాళ్ళకు ఈ అంకెలు మారతాయి. 1,897 మీటర్ల ఎత్తున గాలి అయిదో వంతు పలచన, స్టాక్ ఇంజన్ అంత బలం కోల్పోతుంది. 5 పీఎస్ఐ అక్కడ ప్రధానంగా ఆ లోటు పూడుస్తుంది. అక్కడ సరిపోయిన ప్రొపెల్లర్‌తో కింది సరస్సుకు దిగితే ఆర్‌పీఎం హద్దు దాటుతుంది. బయల్దేరేముందు మార్చుకోండి.

చలికాలంలో గడ్డకట్టే ఊళ్ళలో, బ్లాకు నీరు దించేటప్పుడు ఇంటర్‌కూలర్ నీటి గొట్టం అడుగు కొస కూడా విప్పి నీరంతా దించండి. పాత అలవాటు ప్రకారం బ్లాకు, మానిఫోల్డ్‌లు మాత్రమే దించి వదిలేసిన బోట్లలో వసంతానికి ఇంటర్‌కూలర్ లోపలి ట్యూబులు పగిలి ఉంటాయి. ఆ పగులు పైకి కనిపించదు, స్టార్ట్ చేసిన మొదటి రోజే నీరు సిలిండర్లలోకి చేరుతుంది. అందుకే ప్రతి సీజన్ మొదట్లో, తాళం తిప్పకముందే, 15 పీఎస్ఐ గాలి పరీక్ష ఇంకోసారి చేయండి.